కత్తి దూసిన రాత్రే

ఆ మీటింగ్‌లో నేను నోరు విప్పి ఉండాల్సింది. ముందు ఈ ఒక్క మాట రాసేస్తున్నాను, లేకపోతే ధైర్యం గురించి పెద్ద పెద్ద సంగతులు చెప్పుకుంటూ పోయి అసలు విషయాన్ని ఎక్కడో అడుగున దాచేస్తానని నాకు తెలుసు.

జరిగింది చిన్నదే. మా ఆఫీసులో ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్లిపోయింది. ఎంట్రీ వేసింది మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. దాన్ని సరిచూసి ఓకే చేయాల్సింది నేను. ఆ రోజు నెలాఖరు, పని నెత్తి మీద ఉంది, చూడకుండానే ఓకే చేసేశాను. విషయం బయటపడి మీటింగ్ పెట్టినప్పుడు ప్రశ్నలన్నీ ఆ అమ్మాయినే అడిగారు. తను జవాబు చెప్పలేక ఒకసారి నా వైపు చూసింది. నేను తల దించుకుని నా ముందున్న కాగితాలు తిరగేశాను. నేను అబద్ధం ఆడలేదు, నన్నెవరూ ఏమీ అడగలేదు కదా. ఆ రోజంతా ఈ మాటే నాకు నేను చెప్పుకుంటూ తిరిగాను.

దానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు, ఆదివారం ఆరాధనలో, నిలబడి సాక్ష్యం చెప్పాను. ప్రభువు కోసం ఎలాంటి శ్రమ వచ్చినా వెనక్కి తగ్గకూడదని తీర్మానించుకున్నానని, ప్రాణం మీదకి వచ్చినా ఆయన్ని ఎరగనని అననని, ఇంకా చాలా అన్నాను. చెబుతుంటే గొంతు వణికింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ ఆమేన్ అన్నారు. మనస్ఫూర్తిగానే చెప్పాను, నటించలేదు. మరి నాలుగు రోజులకే ఏమైంది?

ఈ ప్రశ్న పట్టుకుని నేను మళ్లీ బైబిల్లో యేసు శిష్యుడు పేతురు కథ దగ్గరికి వెళ్లాను. చిన్నప్పటి నుంచి విన్న కథే, కోడి కూయక ముందు మూడుసార్లు యేసును ఎరగనన్నాడని సండే స్కూల్ పిల్లలు కూడా చెప్పేస్తారు. కానీ ఈసారి చదువుతుంటే ఇదివరకు పట్టించుకోని సంగతి ఒకటి కనిపించింది. పేతురు పిరికివాడు కాడు. అందరూ నిన్ను విడిచిపోయినా నేను మాత్రం విడవనని యేసుతో అన్నవాడు, ఆ మాటకు తగ్గట్టే కొన్ని గంటల్లో కత్తి దూశాడు కూడా. దీపాలు, దివిటీలు, ఆయుధాలు పట్టుకుని సైనికులతో సహా ఒక పెద్ద గుంపు యేసును పట్టుకోవడానికి తోటలోకి వస్తే, ఆ గుంపు మీదకి ఒక్కడే వెళ్లి ప్రధాన యాజకుని దాసుడి కుడి చెవి తెగనరికాడు. ఆ దాసుడి పేరు మల్కు అని యోహాను తన సువార్తలో రాసిపెట్టాడు. ఆ గుంపులో ఎవరైనా తిరిగి ఒక్క దెబ్బ వేసి ఉంటే పేతురు అక్కడే చచ్చిపోయేవాడు. అంటే ప్రాణం ఇస్తానన్న మాట ఉత్త మాట కాదు, నిజంగానే ఇవ్వబోయాడు.

అదే రాత్రి, తెల్లవారక ముందే, యేసును తీసుకెళ్లిన ప్రధాన యాజకుని ఇంటి ద్వారం దగ్గర కాపలా ఉండే ఒక పనిపిల్ల, నువ్వు కూడా ఆయన శిష్యుల్లో ఒకడివేనా అని అడిగితే కాదనేశాడు. చేతిలో ఆయుధం లేని ఒక పిల్ల. చలిగా ఉందని బొగ్గుల మంట వేసుకుని కొందరు చుట్టూ నిలబడి ఉంటే వాళ్లలో కలిసిపోయి చలి కాచుకున్నాడు, వాళ్లు అడిగితే మళ్లీ కాదన్నాడు. మూడోసారి అడిగినవాడు మల్కు బంధువట, తోటలో నిన్ను చూశానే అన్నాడు. ఆ చెవి సంగతి తన మెడకు చుట్టుకుంటుందన్న భయం కూడా ఆ క్షణంలో ఉండే ఉంటుంది. ఇన్నేళ్లు చదివినా ఈ బంధువు సంగతి నా కంట పడనే లేదు.

తోటలో కత్తి దూయడం కంటే మంట దగ్గర నిజం చెప్పడం ఎందుకు కష్టమైంది? నాకు అర్థమైనంతవరకు చెబుతాను. తోటలో ఏం జరగబోతోందో అందరికీ తెలుస్తూనే ఉంది, శత్రువు ఎదురుగా ఉన్నాడు, పక్కన తోటి శిష్యులు ఉన్నారు, ముఖ్యంగా యేసు చూస్తున్నాడు. అలాంటి చోట రక్తం ఉప్పొంగుతుంది. మంట దగ్గర అలా ఏమీ లేదు. అర్ధరాత్రి, అలసట, చలి, ముక్కూ మొహం తెలియని మనుషులు, మాటల మధ్యలో మామూలుగా అడిగిన ఒక ప్రశ్న. ఇది పరీక్ష అని ఎవరూ ముందుగా చెప్పలేదు. నా మీటింగ్ కూడా అంతే కదా, ఎవరైనా వచ్చి ఇదిగో నీ విశ్వాసానికి పరీక్ష, సిద్ధంగా ఉండు అని చెప్పి ఉంటే నేను లేచి నిలబడేదాన్నేమో. కానీ ఆ రోజు అది విశ్వాసానికి సంబంధించిన విషయమని కూడా నాకు తట్టలేదు, ఆఫీసు గొడవ అనే అనుకున్నాను.

మనలో చాలామందికి ఇలాగే జరుగుతోందని నా అనుమానం. హింస వస్తే, సింహాల గుహ వస్తే, అగ్నిగుండం వస్తే అని ఆ పెద్ద రోజు కోసం ధైర్యాన్ని దాచి ఉంచుకుంటాం. ఆ రోజు కొందరికి నిజంగా వస్తుంది, లోకంలో చాలా చోట్ల ఈ రోజు కూడా వస్తోంది, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ మనలో ఎక్కువమందికి వచ్చేది పనిపిల్ల ప్రశ్న. బాస్ ఒక దొంగ లెక్క మీద సంతకం పెట్టమంటాడు. ఫ్రెండ్స్ నలుగురూ అక్కడ లేని మనిషిని ఏకిపారేస్తుంటే నువ్వేమంటావని మన వైపు తిరుగుతారు. తప్పు చేశావా అని మన పిల్లలే మన మొహంలోకి చూసి అడుగుతారు. అప్పుడు నోట్లోంచి ఏం వస్తుంది?

ఆ మీటింగ్‌లో నన్ను పట్టుకున్న భయం ఏమిటా అని తర్వాత చాలా ఆలోచించాను. ఉద్యోగం పోతుందని కాదు, అంత పెద్ద తప్పేమీ కాదది. ఆవిడ చూసిందంటే మళ్లీ చూడక్కర్లేదు అని ఇన్నేళ్లుగా అనిపించుకున్న పేరు పోతుందని. ఇంతవరకు ఎవరికైనా ఉండే భయమే. దాని కింద ఇంకొకటి ఉంది, అది చెప్పడానికే నాకు కష్టంగా ఉంది. నేను విశ్వాసినని ఆఫీసులో అందరికీ తెలుసు కాబట్టి, నా తప్పు బయటపడితే దేవుని నామానికి అవమానం వస్తుంది, సాక్ష్యం పాడవుతుంది అని నాలో నేను అనుకున్నాను. చూశారా, పిరికితనం ఎంత చక్కటి బట్టలు వేసుకుని వచ్చిందో. దేవుని నామం కాపాడటానికని చెప్పి ఒక చిన్నపిల్లను నా తప్పు మోయమని వదిలేశాను. ఈ సాకు మన సంఘాల్లో నేను చాలాసార్లు విన్నాను, ఎవరి తప్పో బయటికి రాకుండా ఆపడానికి సాక్ష్యం పాడవుతుందనే మాటనే వాడతారు. అన్నవాళ్ల మీద కోపం వచ్చేది. ఇప్పుడు నా నోట్లోనే ఆ మాట దొరికింది.

తెలుగు బైబిల్లో నాకు చాలా ఇష్టమైన మాట ఒకటుంది, నిబ్బరం. యెహోషువ మొదటి అధ్యాయంలో, మోషే చనిపోయాక, నిబ్బరముగలిగి ధైర్యముగా ఉండమని దేవుడు అతని తర్వాత జనాన్ని నడిపించాల్సిన యెహోషువకు మళ్లీ మళ్లీ చెబుతాడు. ధైర్యం అంటే ముందుకు ఉరికేది అనిపిస్తుంది నాకు, నిబ్బరం అంటే కాళ్లు నేలకు ఆనించి నిలబడటం అనిపిస్తుంది. ఎవరైనా చనిపోయిన ఇంట్లో ఏడుస్తూనే పనులన్నీ చూసుకునే మనిషిని ఎంత నిబ్బరంగా ఉందో అంటాం కదా, అదీ. ఇంకో సంగతి ఏమిటంటే, ఆ అధ్యాయంలో యొర్దాను దాటాలి, యుద్ధాలు చేయాలి, అన్నీ ఉన్నాయి. కానీ ఏడో వచనంలో మాత్రం ధైర్యానికి ముందు ‘బహు’ అనే మాట చేరింది, అది యుద్ధం గురించి కాదు. ధర్మశాస్త్రం చొప్పున, కుడికి గానీ ఎడమకు గానీ తొలగకుండా నడవడానికి. కోటలు పట్టుకోవడానికి ఎంత ధైర్యం కావాలో అంతకు మించిన ధైర్యం, ఎవరూ చూడని రోజున చెప్పినట్టు బతకడానికి కావాలన్నమాట. ఎన్నోసార్లు ఆ వచనం కంఠస్థం చెప్పాను, ఒక్కసారి కూడా దీన్ని గమనించలేదు.

ధైర్యం పేరుతో జరిగే హడావుడి గురించి కూడా కొంచెం చెప్పాలి. రెండో శతాబ్దంలో స్ముర్న పట్టణంలోని సంఘానికి పెద్ద అయిన పొలికార్పు హతసాక్షి అయిన సంగతి, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన సంగతి, చాలామంది ప్రసంగాల్లో వినే ఉంటారు. క్రీస్తును దూషిస్తే వదిలేస్తామన్నప్పుడు, 86 ఏళ్లుగా ఆయనను సేవిస్తున్నాను, ఆయన నాకు ఏ కీడూ చేయలేదు, నన్ను రక్షించిన నా రాజును ఎలా దూషించను అన్న మాట అందరికీ తెలుసు. అదే వృత్తాంతంలో ముందు భాగంలో క్వింటస్ అని ఒకడు వస్తాడు, అతని గురించి ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు. ఎవరూ పట్టుకోకముందే తనంతట తానే ముందుకు వచ్చాడు, ఇంకొందరిని కూడా రమ్మని తోసుకొచ్చాడు. విశ్వాసుల మీదకి వదిలే మృగాలను చూడగానే గుండె జారిపోయింది, అధికారులు చెప్పినట్టే చక్రవర్తి పేరున ప్రమాణం చేసి, ధూపం వేసి ప్రాణం దక్కించుకున్నాడు. పొలికార్పు ఏం చేశాడు? స్నేహితులు బతిమాలితే ఊరి బయట ఒక పొలంలోని ఇంటికి వెళ్లిపోయాడు, అక్కడి నుంచి ఇంకో చోటికి మారాడు. చివరికి పట్టుకోవడానికి వచ్చినప్పుడు ఇంక పారిపోకుండా, దేవుని చిత్తం జరుగును గాక అని, వచ్చినవాళ్లకు తినడానికి తాగడానికి పెట్టించి, ప్రార్థన చేసుకోవడానికి ఒక గంట టైమ్ అడిగి, రెండు గంటలు నిలబడి ప్రార్థన చేశాడు. తప్పించుకోవడానికి వీలున్నంతవరకు తప్పించుకోవడం ఆయనకు సిగ్గుగా అనిపించలేదు. అపొస్తలుడైన పౌలు కూడా తనను చంపాలని చూస్తుంటే దమస్కులో గోడ మీద నుంచి గంపలో దిగి పారిపోయినవాడే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఎదుటివాళ్ల మీద గట్టిగా అరవడం, అవతలి మతం వాళ్లను కించపరిచేలా పోస్టులు పెట్టడం, ఆ తర్వాత తిట్లు పడితే సువార్త కోసం శ్రమపడుతున్నానని చెప్పుకోవడం, వీటికి ధైర్యం అనే పేరు పెట్టడం నేను ఒప్పుకోను. ప్రేమ లేకుండా చేసిన దానికి మెచ్చుకోలు దొరికితే అది క్వింటస్ దారిలో మొదటి అడుగు. బైబిల్లో రెండో తిమోతి పత్రికలో, దేవుడు మనకిచ్చినది పిరికితనం గల ఆత్మ కాదని చెప్పే వచనాన్ని అందరం గొంతెత్తి చెబుతాం. అదే వచనంలో శక్తి పక్కన ప్రేమ ఉంది, ఇంద్రియ నిగ్రహం ఉంది. ఆ రెండూ మింగేస్తాం.

సరే, నా సంగతికి వస్తాను. మీటింగ్ అయ్యాక నేను వెంటనే వెళ్లి నిజం చెప్పలేదు. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ప్రార్థన చేశాను, కానీ ఏమని చేశాను? ఈ గొడవ తొందరగా సద్దుమణగాలని, అందరూ మర్చిపోవాలని, ఆ అమ్మాయికి ఇంకో మంచి ఉద్యోగం రావాలని కూడా చేశాను. సిగ్గుగా ఉంది రాయడానికి. మేనేజర్‌కి పంపడానికి మెసేజ్ టైప్ చేయడం, చెరిపేయడం. రాత్రిళ్లు నిద్ర లేదు, కడుపులో ఒకటే టెన్షన్.

తర్వాత ఒక ఉదయం అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయం వచ్చింది, నా రోజువారీ చదువులోనే. పేతురు, యోహాను యూదుల మహాసభ ముందు నిలబడి ఉన్నారు. ఆ సభలో అన్న, కయప అనే ప్రధాన యాజకులు ఉన్నారు, అంటే ఏ ప్రధాన యాజకుని ముంగిట్లో మంట దగ్గర యేసును ఎరగనన్నాడో ఆ మనుషుల ముందే ఇప్పుడు పేతురు మాట్లాడుతున్నాడు. వాళ్ల ధైర్యం చూసి సభ ఆశ్చర్యపోయింది అని రాసి ఉంటుంది. అక్కడ గ్రీకులో ఉన్న మాట పర్రేసియా, దాచుకోకుండా, ఉన్నదంతా బాహాటంగా చెప్పగలగడం అని దాని అర్థం. ధైర్యం అనే మాటకు మూలంలో కండలు లేవు, నోరుంది. ఇంక నన్ను పట్టి ఆపింది ఆ తర్వాత వచ్చే ప్రార్థన. యేసు పేరు ఎత్తొద్దని సభ బెదిరించి వదిలేశాక వాళ్లు తమ వాళ్ల దగ్గరికి వచ్చి అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. ప్రభువా, ఈ బెదిరింపులు చూడు అంటారు, వాటిని తీసేయమని మాత్రం అడగరు. నీ వాక్యాన్ని ధైర్యంగా చెప్పేలా చేయమని అడుగుతారు, అంతే. ఇంతకుముందే సభ ముందు ధైర్యంగా మాట్లాడి వచ్చినవాళ్లు మళ్లీ ధైర్యమే అడగడం నాకు వింతగా అనిపించింది. నిన్నటిది ఈ రోజుకు మిగల్లేదన్నమాట.

నేను ఆ పూట నా ప్రార్థన మార్చాను. సద్దుమణిగేలా చేయమని అడగడం మానేసి, ఈ రోజు నోరు తెరిపించు ప్రభువా అన్నాను. భయం పోయిందని అనుకోకండి. మేనేజర్ గది వరకు నడుస్తుంటే మోకాళ్లలో బలం లేదు, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, చెప్పిన మాట కూడా సరిగ్గా రాలేదు, ‘సర్, ఆ బిల్లు నేనే చూడకుండా ఓకే చేశాను’ అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. భయం మీద గెలిచాక వెళ్దామని పదకొండు రోజులు ఆగినదాన్ని, చివరికి భయంతోనే వెళ్లాను.

అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ జీవితంలో ఒక రాత్రి సంగతి నాకు ఇందుకే ఆదరణగా ఉంటుంది. 1956 జనవరి 27, మాంట్‌గోమరీ నగరంలో, బస్సుల్లో నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టడానికి వ్యతిరేకంగా, ఆయన నాయకత్వంలో బస్సుల బహిష్కరణ నడుస్తోంది. అప్పటికి ఆయన వయసు 27, ఇంట్లో భార్య, రెండు నెలల పాప. రాత్రి పొద్దుపోయాక చంపుతామని ఫోన్ వచ్చింది. నిద్ర పట్టక వంటగదిలోకి వెళ్లి, కాఫీ పెట్టుకుని, ఈ ఉద్యమంలోంచి పిరికివాడిలా కనిపించకుండా ఎలా తప్పుకోవాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత బల్ల మీదకి వంగి, పైకే ప్రార్థన చేశాడు. నేను బలహీనంగా ఉన్నాను, నా ధైర్యం పోతోంది, జనం నన్ను ఇలా చూస్తే వాళ్లూ నీరుగారిపోతారు అని దేవుడికి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. ఆ బల్ల దగ్గరే దేవుడు తోడున్నాడనే అనుభవం కలిగిందని తర్వాత తనే చెప్పాడు. మూడు రోజులకు, జనవరి 30న, ఆయన ఇంటి మీద బాంబు పడింది. భార్యకూ పాపకూ ఏమీ కాలేదు. ఇంటి ముందు కోపంతో పోగైన జనాన్ని శాంతంగా ఇళ్లకు వెళ్లమని పంపించాడు. వంటగదిలో ‘నాకు భయంగా ఉంది’ అని చెప్పుకోని మనిషి వరండాలో అలా నిలబడగలిగేవాడా అని నా సందేహం.

నా విషయంలో ముగింపు అంత బాగా లేదు. మేనేజర్, ఇప్పుడా చెప్పేది అన్నారు. నా మీద ఫైల్లో ఒక రిమార్క్ పడింది, దానికి బాధ లేదు. కానీ ఆ అమ్మాయిని అప్పటికే వేరే సెక్షన్‌కి మార్చేశారు. వెనక్కి తీసుకొస్తామంటే తను వద్దంది. నేను వెళ్లి క్షమించమని అడిగితే, ఏడవలేదు, తిట్టలేదు, ‘ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది అక్కా’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

మాట్లాడటానికి కావలసిన ధైర్యం గురించే ఇంతసేపూ చెప్పాను, ఇంకో రకం కూడా ఉంది, అది మా అమ్మ దగ్గర చూశాను. మా నాన్నమ్మకు జ్ఞాపకశక్తి పోయి, మనుషుల్ని గుర్తుపట్టక, రాత్రిళ్లు లేచి తిరుగుతూ ఉంటే, తొమ్మిదేళ్లు అమ్మే చూసుకుంది. తుడవడం, కడగడం, తినిపించడం, దొంగదానివని తిట్టించుకోవడం. ఎవరూ అమ్మను ధైర్యవంతురాలు అనలేదు, పాపం అన్నారు. ఒకసారి నేనే అడిగాను, ఇంత ధైర్యం నీకు ఎక్కడిదమ్మా అని. ‘ధైర్యమా! పొద్దున మెలకువ వచ్చాక మంచం దిగడానికే భయమేసేది. ప్రభువా, ఈ పూటకి అని చెప్పి కాలు కింద పెట్టేదాన్ని’ అంది. పదమూడో శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్, ధైర్యంలో అసలైన పని మీదకి వెళ్లడం కాదు, ఓర్చుకుని నిలబడటమే అని వాదించాడని చదివినప్పుడు నాకు వెంటనే అమ్మే గుర్తొచ్చింది. మీదకి వెళ్లేవాడు తనకే బలం ఎక్కువుందనుకుని వెళతాడు, ఓర్చుకునేవాడికి ఎదురుగా ఉన్నది తనకంటే బలమైనది. వెళ్లేవాడికి ప్రమాదం ఇంకా దూరంగా ఉంది, ఓర్చుకునేవాడి మీద అప్పటికే పడింది. మీద పడటం ఒక్క ఊపులో అయిపోతుంది, ఓర్పు రోజుల తరబడి సాగుతుంది. ఇలా మూడు కారణాలు చెప్పాడు. ఆయన యుద్ధాల గురించి ఆలోచిస్తూ రాసి ఉండొచ్చు, నాకు మాత్రం అందులో తొమ్మిదేళ్ల రాత్రులు కనిపించాయి.

అయితే ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఓర్పు అనే మాటతో చాలామంది నోళ్లు మూయించారు. భర్త కొడుతుంటే ప్రార్థనలో ఓర్చుకో అమ్మా అని తిప్పి పంపే సలహా నేను విన్నాను. అది ధైర్యం నేర్పడం కాదు, కొట్టేవాడికి కాపలా కాయడం. అలాంటి ఇంట్లోంచి పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి, జరిగింది చెప్పుకుని, సాయం అడిగిన ఆడపిల్ల దగ్గర ఉన్న ధైర్యం ముందు మన సాక్ష్యాలు చాలా చిన్నవి. రోమా పౌరుణ్ని విచారణ లేకుండా కొరడాలతో కొట్టవచ్చా అని పౌలు చట్టం ఎత్తి అడిగాడు, నోరు మూసుకుని దెబ్బలు తినలేదు. అలాగే మనసు బాగోలేనప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లడం, నాకు ఈ మధ్య ప్రార్థన చేయబుద్ధి కావడం లేదని కూడికలో ఒప్పుకోవడం, ఇవన్నీ విశ్వాసం లేకపోవడం అని ఎవరైనా అంటే నమ్మకండి. ప్రార్థన అంశాలు చెప్పమంటే అందరం ఎవరో దూరపు బంధువుల జబ్బులు చెప్తాం. సొంత సంగతి చెప్పడానికి కూడా పర్రేసియానే కావాలి.

సొంతవాళ్ల ముందు భయం గురించి చెప్పి ఆపేస్తాను, పేతురు కథలో చివరి ముక్క అదే. మహాసభ ముందు జంకని పేతురు, కొన్నేళ్ల తర్వాత అంతియొకయ పట్టణంలో జంకాడు. అన్యజనుల్లోంచి, అంటే యూదులు కానివాళ్లలోంచి, వచ్చిన విశ్వాసులతో కలిసి భోజనం చేస్తూ ఉన్నవాడు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు వచ్చేసరికి, వాళ్లకు భయపడి, మెల్లగా ఆ బల్ల దగ్గర నుంచి తప్పుకున్నాడు. అతన్ని చూసి పౌలు తోటి సేవకుడు బర్నబా కూడా. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు దీన్ని దాచకుండా రాశాడు, అందరి ఎదుటా మొహం మీదే అడిగానని. వచ్చినవాళ్లు కత్తులు పట్టుకుని రాలేదు, వాళ్లూ విశ్వాసులే. మన వాళ్లు ఏమనుకుంటారో అనే ఆ భయాన్ని పెంతెకొస్తు రోజున పరిశుద్ధాత్మ దిగిరావడం చూసిన అపొస్తలుడు కూడా ఇంకా మోస్తూనే ఉన్నాడు. సంఘంలో ఎవరినో పక్కన పెడుతున్నారని తెలిసి, కానుకల లెక్క సరిగ్గా లేదని తెలిసి, పెద్దల మీద గౌరవం అని పేరు పెట్టుకుని మనం కళ్లు తిప్పుకునేది ఆ భయంతోనే. బయటివాళ్ల ముందు నిలబడటం నాకు ఎప్పుడూ ఇంత కష్టం కాలేదు.

పౌలు అలా అడిగినప్పుడు పేతురు ఏమన్నాడో గలతీ పత్రికలో లేదు. కానీ రెండో పేతురు పత్రిక మూడో అధ్యాయంలో, ముగింపుకు వచ్చాక, పౌలు గురించి ఒక ప్రస్తావన ఉంది. మన ప్రియ సహోదరుడైన పౌలు అని రాసి ఉంటుంది. అందరి ముందూ తప్పు ఎత్తి చూపించిన మనిషి గురించి.

ఆ అమ్మాయి ఇప్పుడు వేరే సెక్షన్‌లో ఉన్నా కొన్ని స్టేట్‌మెంట్లు నా టేబుల్ మీద నుంచే తన దగ్గరికి వెళ్తాయి. మొన్న ఒక దాన్ని చేతిలో పట్టుకుని తిరిగి వచ్చింది. సెక్షన్ అంతా వింటూ ఉండగా, ‘అక్కా, ఇది చూశాకే సంతకం పెట్టారా? నిజంగా చూశారా?’ అని అడిగింది. నాకు మొహం వేడెక్కింది. కుర్చీ లాగి తనను కూర్చోమన్నాను. ఇద్దరం మొదటి వరుస నుంచి మళ్లీ చూసుకుంటూ వచ్చాం. రెండో పేజీలో ఒక అంకె తప్పుంది.